సంపూర్ణమ్మ గారి కట్ట

నవంబరు 11, సోమవారం

నా నంబరుకి నేనే మెసేజ్ పెట్టుకోవచ్చని ఇవాళ తెలిసింది. ఎవరూ చదవరు. ఎవరూ తిరిగి ఏమీ అడగరు. నాకు కావాల్సింది అదే.

పిన్ని ఇంటికి వచ్చి నెల దాటింది. పదో తరగతి లెక్కలు రెండోసారి కూడా తప్పాక, ఉయ్యూరులో ఖాళీగా తిరుగుతున్నానని అమ్మ ఇక్కడికి పంపేసింది. నిజానికి నేనెక్కడా తిరగలేదు. ఇంట్లోనే ఉన్నాను.

గుణదలలో పిన్ని ఇంటి ముందు గదే ఆఫీసు. బయట బోర్డు మీద శ్రీలలిత, అడ్వకేట్ అని ఉంటుంది. అలా పెద్ద అక్షరాల్లో చూస్తే వేరే ఎవరి పేరో అనిపిస్తుంది. గుమాస్తా పెళ్ళి చేసుకుని ఏలూరు వెళ్ళిపోయాడు. అతని కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది.

నా పని, వచ్చినవాళ్ళు చెప్పేది ఫోన్లో టైపు చేయడం. పిన్ని, నేను ఇద్దరమే ఉన్న గ్రూపులో పెడతాను. తర్వాత వీధి చివర ఆరోన్ అన్న జిరాక్స్ షాపులో ప్రింటు తీసి ఆ కేసు కట్టలో పెట్టి తాడు కడతాను. "నా బుర్ర ఈ కట్టల్లోనే ఉందిరా. కాగితం పోయిందంటే అంత బుర్ర పోయినట్టే" అంటుంది పిన్ని.

టైపింగ్ బాగానే వచ్చు. మాట్లాడటమే రాదు.

నవంబరు 14, గురువారం

పిన్ని నా ప్రింట్ల మీద ఎర్ర పెన్నుతో గీతలు పెడుతుంది. పెనమలూరు నుంచి వచ్చిన ఒకాయన "ఆ గోడ ముందు మావాళ్ళే కూలగొట్టారండి" అన్నాడు. అదే రాశాను. దాని కింద రెండు గీతలు.

బళ్ళో దిద్దిన పేపర్లు తిరిగిచ్చే రోజు గుర్తొచ్చింది.

ఎందుకు గీసిందో అడగలేదు. అడగాలంటే ముందు పిన్నీ అని పిలవాలి, ఆవిడ తలెత్తాలి, నా వంక చూడాలి.

నవంబరు 18, సోమవారం

ఇవాళ మా ఊరావిడ వచ్చింది. సంపూర్ణమ్మ గారు. చక్కెర ఫ్యాక్టరీ వెనక వీధిలో రెండు గేదెలు పెట్టుకుని పాలకేంద్రానికి పాలు పోస్తుంది. నేను ఎప్పుడూ చూడలేదు. అమ్మకి తెలుసట.

ఆవిడ కూతురు డెంగీతో పోయి రెండేళ్ళయింది. మనవరాలు అనఘ అప్పటినుంచీ ఈవిడ దగ్గరే ఉంది. ఒకటో తరగతి. ఇప్పుడు అల్లుడు లక్ష్మీకాంత్ మళ్ళీ పెళ్ళి చేసుకుని, పాపని నాకివ్వండి అని ఫ్యామిలీ కోర్టులో కేసు వేశాడు. ఆటోనగర్లో లారీల టైర్ల షాపులో చేస్తాడు.

"నాకు ఇంకేం వద్దు లాయరమ్మ గారూ. పిల్ల నా కాడుంటే చాలు" అంది.

"రెండేళ్ళు తొంగి చూడనివాడు ఇప్పుడెందుకొచ్చాడు?" అంది పిన్ని.

"అబద్ధం ఎందుకమ్మా, వచ్చేవాడు. నెలకోసారి బిస్కెట్లు పట్టుకుని వచ్చేవాడు. నేనే గుమ్మంలోనుంచి పంపేసేదాన్ని. ఆయన మొహం చూస్తే నా కూతురు గుర్తొచ్చేది."

రాశాను.

పాప టేబుల్ కింద దూరి కట్టల తాళ్ళతో ఆడుతోంది. నా చెప్పు లాగి, "నువ్వు మాట్లాడవా?" అంది.

"మాట్లాడతా."

"అయితే మాట్లాడు."

నా మొహం చూసి పాపే నవ్వి ఊరుకుంది.

నవంబరు 20, బుధవారం

"నేనే గుమ్మంలోనుంచి పంపేసేదాన్ని" కింద మూడు గీతలు. పక్కన ప్రశ్న గుర్తు.

నేను రాయబట్టే కదా గీతలు పడ్డాయి.

డిసెంబరు 5, గురువారం

సంపూర్ణమ్మ గారు రెండోసారి వచ్చింది. పిన్ని అఫిడవిట్ కోసం అన్నీ మళ్ళీ మొదట్నుంచీ అడిగింది. పాప ఏం తింటుంది, బడికి ఎవరు దింపుతారు, జ్వరం వస్తే ఏ డాక్టరు. మధ్యలో ఫోనొస్తే లోపలికి వెళ్ళింది.

అప్పుడు సంపూర్ణమ్మ గారు కుర్చీ నా వైపు జరుపుకుంది. ఇంకో సంగతి చెప్పింది. చెప్పి, "ఇది రాయమాకు నాయనా" అంది.

రాయలేదు.

డిసెంబరు 6, శుక్రవారం

ఇక్కడ రాస్తే ఎవరికీ కనపడదు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున, సాయంత్రం పాలు పోయడానికి వెళ్ళేటప్పుడు పాపని ఇంట్లో పెట్టి బయట తాళం వేసేదట. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు, పక్కనే కాలవ, ఎక్కడికి పోతుందోనని భయం. పోయిన వానాకాలం ఒక సాయంత్రం కేంద్రం దగ్గర ఆలస్యమైంది. కరెంటు పోయింది. పాప అరిచి అరిచి, పక్కింటి రామతులసి గారు గొళ్ళెం పగలగొట్టి తీసేసరికి బట్టలు తడిపేసుకుని మంచం కింద ఉందట. రెండు రోజులు మాట్లాడలేదట. ఆ తర్వాత తాళం వెయ్యడం మానేసి వెంట తీసుకెళ్తోంది.

చెప్తున్నంతసేపూ సంపూర్ణమ్మ గారు చెంగుతో టేబుల్ తుడుస్తూనే ఉంది. అక్కడ దుమ్మేమీ లేదు.

పిన్ని బయటికొచ్చి, "ఏమన్నా మిగిలిందా?" అంది. "లేదమ్మా" అంది ఆవిడ. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

అయినా ఇందులో పెద్ద తప్పేముంది. అమ్మ టైలరింగ్ షాపుకి వెళ్ళేటప్పుడు నన్ను కూడా ఇంట్లో పెట్టి గడియ వేసేది. నాకేం కాలేదు.

డిసెంబరు 12, గురువారం

సంపూర్ణమ్మ గారి కొత్త ప్రింటు మీద ఒక్క గీత లేదు. పిన్ని మొత్తం చదివి, "ఈ ఒక్క కట్ట చూస్తే ప్రాణం హాయిగా ఉందిరా బాబీ" అంది.

నా పేపరు ఒక్కటి కూడా అలా తిరిగి రాలేదు ఎప్పుడూ.

డిసెంబరు 20, శుక్రవారం

వాయిదా. జడ్జి గారు సెలవు.

జనవరి 3, శుక్రవారం

వాయిదా. అవతలి లాయరు జయదేవ్ గారు హైకోర్టుకి వెళ్ళారు. సంపూర్ణమ్మ గారు తెల్లారి పాలు పోసి, బస్సెక్కి, పాపని చంకనేసుకుని వచ్చింది. వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయింది. వెళ్తూ నాకు సీసాలో జున్నుపాలు ఇచ్చింది.

నోట్సు రాయడం ఇప్పుడు అలవాటైంది. ఎవరైనా చెప్తుంటే ఏది గీత పడే మాటో ముందే తెలిసిపోతుంది. వేలు దానంతట అదే ఆగుతుంది. పిన్ని ఈమధ్య ఎర్ర పెన్ను పెద్దగా తీయడం లేదు. పని బాగా నేర్చుకున్నావంటోంది.

జనవరి 22, బుధవారం

ఇవాళ సంపూర్ణమ్మ గారి క్రాస్, అంటే ఆవిడని అవతలి లాయరు ప్రశ్నలడిగే రోజు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. పాప నా ఒళ్ళో పడుకుంది.

జయదేవ్ గారు అరుస్తారనుకున్నాను. చాలా మెల్లగా, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు అడిగారు.

"పొద్దున్నే పాలు పోయడానికి వెళ్తారు కదమ్మా?"

"వెళ్తానండి."

"పాప?"

"నిద్దర్లో ఉన్నా వెంట తీసుకెళ్తానండి. భుజాన వేసుకుని."

"మొదట్నుంచీ అంతేనా? ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్ళలేదా?"

"లేదండి."

"ఒక్కసారైనా?"

"లేదండి."

"ప్రమాణం చేశారు. గుర్తు తెచ్చుకుని చెప్పండమ్మా."

అప్పుడు ఆవిడ ఇటు చూసింది. పిన్ని వైపు కాదు. నా వైపు.

"లేదండి" అంది.

జయదేవ్ గారు ఇంకేమీ అడగలేదు. కాగితాలు సర్దుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక పిన్ని, "తాళం సంగతి ఎందుకు తీశాడో ఈయన" అని తనలో తనే అనుకుంది. స్కూటర్ మీద వస్తుంటే రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్ పడినప్పుడు మళ్ళీ ఒకసారి, "తాళం" అంది.

ఫిబ్రవరి 6, గురువారం

రామతులసి గారిని సాక్షిగా పిలవమని జయదేవ్ గారు పిటిషన్ ఇచ్చారు. విరిగిన గొళ్ళెం ఫొటో కూడా జత చేశారు. ఆవిడ అప్పుడే ఫోన్లో తీసి ఉంచిందట.

పిన్ని కోర్టు మెట్ల మీదే నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది.

"ఏరా, ఆవిడ నీతో ఏమన్నా అందా?"

"లేదు."

పిన్ని ఉన్నప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. అది నిజమే. పిన్ని అడిగింది కేసులో ఆవిడ చెప్పిన దాని గురించి. రాయమాకు అన్నది కేసులోకి రాదు. కట్టలో లేనిది చెప్పినట్టు కాదు.

నాకేం కాలేదు అని అమ్మకి కూడా ఎప్పుడూ చెప్తాను.

ఫిబ్రవరి 10, సోమవారం

గుణదల చర్చి తిరునాళ్ళు. వీధి నిండా జనం, కొబ్బరికాయలు, మైకులు. ఆటోలు లోపలికి వదలడం లేదు. పిన్ని ఫోన్ చేసి రమ్మంటే సంపూర్ణమ్మ గారు ఆ జనంలో పడి నడిచి వచ్చింది. పాప చేతిలో ఎవరో ఇచ్చిన కొవ్వొత్తి.

పిన్ని అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

"నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారండీ? డాక్టరు దగ్గర రోగం దాస్తారా? జడ్జి ముందు మూడుసార్లు లేదన్నారు. రేపు మీ పక్కింటావిడ వచ్చి ఉందంటుంది. తాళం వేసినందుకు కాదు, వెయ్యలేదన్నందుకు పాపని తీసుకుపోతారు. అర్థమవుతోందా?"

"తప్పు నాదే లాయరమ్మ గారూ. ఎవరికీ చెప్పలేదు" అంది సంపూర్ణమ్మ గారు.

ఎవరికీ, అంది. నా వైపు చూడను కూడా లేదు.

"దాచిపెట్టేవాళ్ళ కేసు నేను చెయ్యలేను. కట్ట ఇచ్చేస్తాను. ఇంకో లాయర్ని చూసుకోండి."

"వాయిదా ఇంత దగ్గర పెట్టుకుని ఎవరు ఒప్పుకుంటారమ్మా?"

"అది ఆ రోజు ఆలోచించాల్సింది."

ఆవిడ లేచింది. పాపని లేపింది. గుమ్మం దగ్గర ఆగి, "ఈ తొక్కిసలాటలో బస్టాండుకి ఎటు పోవాలి నాయనా?" అని నన్ను అడిగింది. చెయ్యి చూపించాను. అంతే చేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

కట్ట ఇంకా బల్ల మీదే ఉంది. నన్నే తాడు కట్టి ఉంచమంది. రేపు సాయంత్రం ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది.

ఫిబ్రవరి 11

అన్నం తినలేదు. పొట్ట బాలేదని చెప్పాను.

ఫిబ్రవరి 12, బుధవారం

కట్టాల్సిన తాడు కట్టలేదు.

పిన్ని వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతోంది. నేను ముందు గదిలో. వెళ్ళి చెప్దామని లేచాను. గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చేశాను. అప్పుడు గ్రూపు తెరిచి, రోజూ రాసినట్టే రాశాను. తేదీ డిసెంబరు 5. చెప్పినవారు సంపూర్ణమ్మ గారు. పిన్ని లోపల ఫోన్లో ఉన్నప్పుడు. తాళం, కరెంటు, రామతులసి గారు, మంచం కింద, రెండు రోజులు, ఆ తర్వాత మానెయ్యడం. ఆవిడ ఎలా చెప్పిందో అలాగే. చివర "రాయవద్దన్నారు, నేను రాయలేదు" అని పెట్టి పంపాను.

వంటింట్లో ఫోన్ మోగింది. గరిటె చప్పుడు ఆగింది. టిక్కులు నీలం అయ్యాయి.

పొయ్యి కట్టేసి వచ్చింది. చేతికి పిండో ఏదో అంటుకుని ఉంది.

"నేను మొన్న మెట్ల మీద అడిగాను కదరా."

చేతిలో ఉన్న తాడు వేలికి చుట్టుకున్నాను.

"ఆవిడ నిన్ను కాపాడటానికి ఎవరికీ చెప్పలేదంది. నువ్వు చూస్తూ కూర్చున్నావు."

"ఊఁ."

"ఎందుకు రాయలేదు?"

"గీత పెడతావని."

"ఏం గీత?"

పెనమలూరాయన కట్ట తీసి ఎర్ర గీతలు చూపించాను. పిన్ని దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూసింది.

"ఇవెందుకనుకున్నావు?"

"తప్పని. మార్కులు పోతాయని."

పిన్ని నవ్వుతుందో తిడుతుందో తెలీలేదు. రెండూ చెయ్యలేదు. సంపూర్ణమ్మ గారు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"ఒరేయ్ బాబీ. అవతలివాడు మనల్ని ఎక్కడ కొడతాడో అక్కడ గీస్తాను. దెబ్బ పడే ముందే నేను అక్కడ నిలబడాలి కదా. గీత లేని కట్ట మంచి కట్ట కాదురా. చూడని కట్ట."

"నువ్వు హాయిగా ఉందన్నావు."

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. ఏ క్లయింటూ అంత మంచివాడు కాదని ఇన్నేళ్ళొచ్చీ నాకు తట్టలేదు."

"తాళం వేసిందంటే నీకేం అనిపించలేదా?" అంది.

"అమ్మ కూడా వేసేది. నాకేం కాలేదు."

"ఏం కాలేదా? పదిహేడేళ్ళొచ్చాయి, స్నానానికెళ్తే లోపల గడియ పెట్టుకోవు. నువ్వు వచ్చేదాకా నేనిక్కడ టీవీ సౌండు పెంచుకుని గోడవైపు తిరిగి కూర్చుంటున్నాను. ఏం కాలేదట."

అది పిన్నికి తెలుసని నాకు తెలీదు.

తాలింపు మాడిన వాసన వస్తోంది.

"ఇంకా ఏవేవి రాయలేదు?" అంది పిన్ని.

ర్యాకులో కట్టలన్నీ దించాం. ఒక్కొక్కటీ విప్పి, ఎవరెవరు ఏం చెప్తే నా వేలు ఆగిందో చెప్పాను. నోటితోనే చెప్పాను. పిన్ని ఎర్ర పెన్ను నా చేతికిచ్చి, నువ్వే గీయి అంది.

సాయంత్రం సంపూర్ణమ్మ గారు కట్ట కోసం వచ్చింది. కట్ట ఎక్కడికీ పోవట్లేదు, కూర్చోండి అంది పిన్ని. జరిగింది చెప్పింది.

"పిల్లాణ్ణేమీ అనమాకండమ్మా. నేనే వద్దన్నాను" అంది ఆవిడ.

"అనాల్సింది అన్నానులెండి. ఇప్పుడు మీ సంగతి. మిమ్మల్ని మళ్ళీ బోనెక్కించమని పిటిషన్ వేస్తాను. ఎక్కి, ఆ రోజు చెప్పింది అబద్ధం అని చెప్పాలి. మీ నోటితో. చెప్తారా?"

"చెప్తే పిల్ల ఉంటదా?"

"చెప్పకపోతే ఉండదు. చెప్తే తెలీదు."

మార్చి 4, మంగళవారం

సంపూర్ణమ్మ గారు చెప్పింది.

"ఆ రోజు లేదన్నానండి. వేశానండి. చాలాసార్లు వేశాను. పిల్ల కాలవలో పడితే నా కూతురికి ఏం చెప్పుకోను అని వేశాను. ఆ కరెంటు పోయిన రోజు తర్వాత వెయ్యలేదు. మొన్న లేదని ఎందుకన్నానంటే, ఉందంటే తీసుకుపోతారని."

జయదేవ్ గారు లేచి, "అంటే మొన్న ప్రమాణం చేసి అబద్ధం చెప్పారు" అన్నారు.

"చెప్పానండి."

"ఇవాళ చెప్పేది నిజమని ఏంటి నమ్మకం?"

"ఇవాళ చెప్పిందాంట్లో నాకు కలిసొచ్చేది ఏముంది బాబూ?" అంది.

జడ్జి మేడమ్ తలెత్తి చూశారు. జయదేవ్ గారు కూర్చున్నారు. రామతులసి గారిని ఇంక పిలవలేదు.

ఇదంతా నోట్సులో రాశాను. గీత నేనే పెట్టాను.

మార్చి 21, శుక్రవారం

జడ్జి మేడమ్ పాపని ఛాంబర్లోకి పిలిచి ఒక్కదానితో మాట్లాడారు. లోపల ఏం అడిగారో, పాప ఏం చెప్పిందో ఎవరికీ తెలీదు. వరండాలో ఒక చివర సంపూర్ణమ్మ గారు, ఇంకో చివర లక్ష్మీకాంత్. ఆయన యూనిఫాం చొక్కా మీదే వచ్చాడు, జేబు దగ్గర గ్రీజు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. దాన్ని జేబులో పెడతాడు, మళ్ళీ తీస్తాడు.

పాప బయటికొచ్చి ఇద్దర్నీ చూసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఆర్డర్ వచ్చింది.

ఈ ఏడాది బడి అయిపోయాక పాప నాన్న దగ్గరికి వెళ్ళాలి. నెలలో రెండు శని ఆదివారాలు, సెలవుల్లో సగం అమ్మమ్మ దగ్గర.

సంపూర్ణమ్మ గారు ఏడవలేదు. బెంచీ మీద కూర్చుని కాళ్ళకి చెప్పులు సరిచేసుకుంది. చాలాసేపు సరిచేసుకుంది.

"మొదటే చెప్పుంటే గెలిచేవాళ్ళమా అమ్మా?"

పిన్ని వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. నేను అక్కడే ఉన్నాను.

"తెలీదండి. గెలిచేవాళ్ళమేమో. అబద్ధం అలాగే ఉండిపోతే ఈ రెండు శని ఆదివారాలు కూడా వచ్చేవి కావేమో. నిజంగా తెలీదు."

ఆవిడ తలూపింది. నన్ను పిలిచి, పాలకేంద్రం వాళ్ళకి చెప్పాలి, ఇవాళ సాయంత్రం పాలు ఆలస్యమవుతాయని మెసేజ్ పెట్టమంది. పెట్టాను.

ఏప్రిల్ 4

గెలిచేవాళ్ళమేమో అంది పిన్ని.

ఏప్రిల్ 13, ఆదివారం

అమ్మ ఫోన్ చేసింది. ఎలా ఉన్నావురా అంది. చీకటంటే భయం అని చెప్పాను. చిన్నప్పటినుంచీ అని చెప్పాను. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఇవాళ పాపని అప్పజెప్పాలి. కోర్టు వరండాలోనే. ఎండకి గోడలు కూడా వేడి కక్కుతున్నాయి.

"ఎవరెవరు ఉన్నారు, ఏమేం ఇచ్చారు, అంతా రాసుకో" అంది పిన్ని. ఫోన్ తీసి నిలబడ్డాను.

సంపూర్ణమ్మ గారు ఒక బట్టల సంచి, స్టీలు గిన్నెలో మినపసున్నుండలు తెచ్చింది. లక్ష్మీకాంత్ బైకు తెచ్చాడు. ఇద్దరికీ మధ్య నాలుగు అడుగుల దూరం ఉంది. ఒకరినొకరు చూసుకోలేదు. ఆవిడ నా వైపు తిరిగింది.

"రాసుకో నాయనా. పిల్లకి పెరుగులో మీగడ పడదు. వాంతి చేసుకుంటది."

రాశాను.

లక్ష్మీకాంత్ కూడా నాతోనే అన్నాడు. "మీగడ తీసేసి పెడతామని చెప్పు తమ్ముడూ."

ఆయన చెప్పింది ఆవిడకి వినపడుతూనే ఉంది. అయినా నేను చెప్పాలేమోనని, "తీసేస్తారట" అన్నాను. పాప పకపకా నవ్వింది. "అమ్మమ్మకి చెవులున్నాయి" అంది.

"తల దువ్వేటప్పుడు వెనక చిక్కుపడితే లాగొద్దని రాయి. నూనె రాసి, కాసేపాగి దువ్వాలి. లెక్కలు బాగా చేస్తది. చదవమంటే మాత్రం ఏడుస్తది. కథ చెప్తానంటే చదువుతది."

రాస్తున్నాను. ఆవిడ సంచి పిడి పట్టుకుని నలుపుతోంది.

"చీకట్లో ఒంటరిగా ఉండలేదు. అది ముందునుంచీ లేదు. నా వల్ల వచ్చింది. అట్లాగే రాయి."

అట్లాగే రాశాను.

లక్ష్మీకాంత్ అప్పుడు ఇటు చూశాడు. నన్ను కాదు. "రాత్రంతా లైటు ఉంచాలా అత్తయ్యా?" అన్నాడు.

ఆవిడ కూడా ఆయన వైపు చూసింది. "అక్కర్లా బాబూ. నిద్దరపట్టేదాకా చాలు. తర్వాత తీసేసినా లేవదు. మధ్యలో లేస్తే నీళ్ళడుగుతది. పక్కన మనిషున్నట్టు తెలిస్తే మళ్ళీ పడుకుంటది."

"నా పక్కనే పడుకోబెట్టుకుంటాను."

"కాళ్ళు ఆడిస్తది."

"వాళ్ళమ్మ కూడా అంతే కదండీ" అన్నాడు.

సంపూర్ణమ్మ గారు గిన్నె మూత తీసి, ఒక సున్నుండ ఆయన చేతిలో పెట్టింది. ఆయన తినకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"తమ్ముడూ, నువ్వు రాసింది నాక్కూడా పంపుతావా? అన్నీ గుర్తుండవు" అన్నాడు.

పిన్ని వైపు చూశాను. మన నోట్సు అవతలివాళ్ళకి ఒక్క ముక్క తెలియకూడదని మొదటిరోజే చెప్పింది. పక్కన సంతకాలు చూసుకుంటున్న జయదేవ్ గారు విన్నారు.

"ఏంటి మేడమ్, మీ కేసు నోట్సు మా క్లయింటుకి ఇస్తున్నారా?"

"ఇస్తున్నాను సార్. మీక్కాదు."

ఆయన నవ్వి, కళ్ళజోడు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయారు.

పిన్ని నా ఫోన్ తీసుకుని మొత్తం చదివింది. పెన్ను తీయలేదు. ఫోన్లో గీయడానికి లేదు కూడా. తిరిగి ఇచ్చి, "పంపు" అంది.

లక్ష్మీకాంత్ నంబరు చెప్పాడు. సంచి హ్యాండిల్‌కి తగిలించి, పాపని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. పాప హారన్ నొక్కింది. నేను పంపబోయాను.

"ఆగు నాయనా, ఇంకోటుంది" అంది సంపూర్ణమ్మ గారు.

లక్ష్మీకాంత్ ఇంజన్ ఆపేశాడు. బండికి స్టాండు వేసి, పాపని దించాడు. గోడ నీడలోకి వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"చెప్పండి" అన్నాడు.